ఒడ్డెక్కే ఓడకు ఆయుష్షు ఎంత?

ఓడ అడుగు నేలకు తగలడం మామూలుగా ప్రమాదం. అలా తగిలిన ఓడను మరమ్మతుల కోసం డ్రై డాక్‌కు తీసుకెళ్తారు, కెప్టెన్ మీద విచారణ వేస్తారు. నౌకాదళం పెద్ద ఓడల్లో ఒక్క రకాన్ని మాత్రం కావాలనే, పదే పదే నేలకు తగిలించడానికి కడతారు. అదే టాంకు ల్యాండింగ్ షిప్, క్లుప్తంగా ఎల్‌ఎస్‌టీ. టాంకులు, లారీలు, జవాన్లను కడుపులో పెట్టుకుని వచ్చి, ముక్కును ఇసుకలో దిగేసి, తలుపులు తెరిచి అందరినీ నేరుగా ఒడ్డు మీదికి దించడం దాని పని.

ఈ పని కాకినాడ తీరానికి కొత్త కాదు. 2019 నవంబరులో భారత్, అమెరికా కలిసి చేసిన ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసాలు విశాఖతోపాటు ఇక్కడా జరిగాయి. 2023 జనవరి 17 నుంచి 22 వరకు త్రివిధ దళాల ‘ఆంఫెక్స్’ విన్యాసం కాకినాడలోనే జరిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే, మే 6న, మన ఎల్‌ఎస్‌టీల్లో ఒకటైన ఐఎన్‌ఎస్ మగర్‌ను కొచ్చిలో సేవల నుంచి తప్పించారు. 1987 జులైలో నౌకాదళంలో చేరిన ఓడ అది. దాదాపు 36 ఏళ్లు పనిచేసింది. మన నది పేరు మోసిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక ఐఎన్‌ఎస్ గోదావరి 1983 డిసెంబరు నుంచి 2015 డిసెంబరు దాకా 32 ఏళ్లే సేవలో ఉంది. క్షిపణులు, హెలికాప్టర్లతో లోతు నీళ్లలో తిరిగిన ఫ్రిగేట్ ముందు తప్పుకుంటే, ఇసుకలో పొట్ట రాసుకుంటూ బతికిన ఓడ ఇంకో నాలుగేళ్లు ఎక్కువ నిలబడింది. ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఓడ వయసును సంవత్సరాల్లో చూస్తే సరిపోదు. అది ఎన్నిసార్లు నేల తాకింది, దాని పనికి కాలం చెల్లిందా, దాని చోటులోకి రావాల్సిన ఓడ సిద్ధంగా ఉందా అన్న మూడు లెక్కలూ చూడాలి.

ముందు ఓడ నిర్మాణం. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు చూసినవారికి ఎల్‌ఎస్‌టీ సగం అర్థమైనట్టే. చదునైన అడుగు, తక్కువ లోతు నీళ్లలో తేలే ఒడుపు, ముందువైపు ఒడ్డు మీదికి దించే ఇనుప పలక, దాని మీదుగా దిగిపోయే బండ్లు. పాటు వేళ నీరు తీస్తే పలకకూ రేవుకూ మధ్య పెరిగే ఎడం కూడా రెండింటికీ ఉన్న తలనొప్పే. తేడా ఎక్కడంటే, పంటు నది దాటితే చాలు. ఎల్‌ఎస్‌టీ మాత్రం వందల మైళ్ల సముద్రం దాటి వచ్చి ఆ పని చేయాలి. సముద్రంలో నిలకడగా నడవాలంటే ఓడ నీళ్లలో లోతుగా మునిగి ఉండాలి. ఒడ్డుకు చేరాలంటే పైకి తేలాలి. ఈ రెండూ ఒకే ఓడలో కుదరవు.

1941 నవంబరులో అమెరికా నౌకాదళ ఇంజనీరు జాన్ నీడర్‌మేయర్ గీసిన నమూనా ఈ చిక్కు విప్పింది. ఓడ అడుగున పెద్ద బలాస్ట్ ట్యాంకులు పెట్టారు. నడిసముద్రంలో వాటిని ఉప్పునీటితో నింపితే ఓడ కుదురుగా మునుగుతుంది. తీరం దగ్గరపడ్డాక ఆ నీళ్లు తోడేస్తే తేలుతుంది. అప్పుడు ముందువైపు సుమారు మీటరు, వెనకవైపు సుమారు మూడు మీటర్ల లోతు నీళ్లు చాలు. ముక్కు పైకి, తోక కిందికి ఉండే ఆ వాలు కూడా తీరం వాలుకు సరిపోయేలా లెక్కగట్టిందే. ఈ నమూనాలో 328 అడుగుల పొడవున్న ఓడలను రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వెయ్యికి పైగా కట్టింది. చాలావాటిని సముద్రానికి ఎంతో దూరంలో, ఒహైయో, ఇల్లినాయ్ నదుల ఒడ్డున ఉన్న యార్డుల్లో కట్టి నది వెంట కడలికి పంపారు. కోరంగి, తాళ్లరేవు చరిత్ర తెలిసిన గోదావరి పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించదు. నది ఒడ్డున ఓడ కట్టి సముద్రానికి పంపడం ఈ ప్రాంతం తరతరాలుగా చేసిన పనే.

ఇక ఆ ఓడ ఒడ్డెక్కే తీరు దగ్గరగా చూడాలి. దాని ఆయుష్షు ఖర్చయ్యేది అక్కడే.

ముందుగా చిన్న పడవలు, ఈతగాళ్లు వెళ్లి నీటి లోతులు కొలుస్తారు. ఇసుక గట్టిదా, కాలు దిగబడే బురదా, మధ్యలో అడ్డు తిన్నెలున్నాయా అన్నవి చూస్తారు. పోటు ఏ గంటకు నిండుతుందో లెక్క వేసి దానికి తగ్గట్టు ముహూర్తం పెడతారు. ఓడ నెమ్మదిగా, తిన్నగా తీరానికి వస్తుంది. ఒడ్డుకు ఇంకా కొన్ని వందల మీటర్లుండగానే వెనకవైపు లంగరు జారవిడుస్తారు. ఓడ ముందుకు పోయేకొద్దీ దాని తాడు సాగుతూ వస్తుంది. తర్వాత పొట్ట ఇసుకకు తగిలి రాపిడి మొదలవుతుంది. ఓడ నిలుస్తుంది. ముక్కు దగ్గరి రెండు తలుపులు పక్కలకు విచ్చుకుంటాయి, ర్యాంపు కిందికి దిగుతుంది. ఒక్కో టాంకు దిగుతున్నకొద్దీ ఓడ తేలికై ముక్కు లేవబోతుంది. అలలు దాన్ని పక్కకు తిప్పబోతాయి. అందుకే ఒకవైపు టాంకులు దిగుతుంటే ఇంకోవైపు బలాస్ట్ నీటిని సర్దుతూ, ఇంజన్లను నెమ్మదిగా ముందుకు తిప్పుతూ ఓడను పట్టి ఉంచాలి. అది అడ్డం తిరిగి ఒడ్డుకు సమాంతరంగా పడిపోతే వెనక్కి లాగడం చాలా కష్టం. పని అయ్యాక బలాస్ట్ ఖాళీ చేసి, వెనక లంగరు తాడును విన్చ్‌తో చుడుతూ, ఇంజన్లను వెనక్కి తిప్పి తనను తానే ఇసుకలోంచి లాక్కుంటుంది.

ఇలాంటి ప్రతి దింపుడూ ఓడ మీద గుర్తు వదులుతుంది. ఇసుక ముందుగా అడుగున ఉన్న రంగును గీకేస్తుంది. తుప్పు పట్టకుండా, గుల్లలు అంటుకోకుండా వేసిన పూత అది. పూత పోయిన చోట వెచ్చటి బంగాళాఖాతం నీరు ఉక్కును తినడం మొదలుపెడుతుంది. కింద రాయి తగిలినా, గట్టి తిన్నె మీద ఓడ బరువంతా ఒకేచోట ఆనినా, లోపలి ఫ్రేముల మధ్య పలక లోపలికి కుంగుతుంది. ఒకసారి కుంగిన పలక తర్వాతి రాపిడికి ఇంకా తేలిగ్గా లొంగుతుంది. ఇంజన్లను చల్లబరచడానికి పీల్చే సముద్రపు నీటితోపాటు ఇసుక లోపలికొచ్చి పంపుల్ని, పైపుల్ని అరగదీస్తుంది. ముక్కు తలుపుల కీళ్లు, వాటి చుట్టూ నీరు రాకుండా ఉండే రబ్బరు పట్టీలు, ర్యాంపును దించే హైడ్రాలిక్ గొట్టాలు ఉప్పునీళ్లలో, ఇసుకలో పనిచేయాల్సిన భాగాలు. మామూలు ఓడకు ముక్కు ఒకే గట్టి నిర్మాణం. ఎల్‌ఎస్‌టీకి మాత్రం అలల దెబ్బ మొదట తగిలే చోటే తెరుచుకునే తలుపులుంటాయి. ఈ ఓడ నిర్వహణలో అన్నిటికంటే జాగ్రత్త కోరేది ఆ తలుపులనే.

బయటకు కనపడని ఇంకో శత్రువు బలాస్ట్ ట్యాంకుల లోపల ఉంటుంది. ఉప్పునీరు నింపడం, తోడేయడం, మళ్లీ నింపడం. తడి గోడకు గాలి తగిలిన ప్రతిసారీ తుప్పు ఒక పొర ముందుకు జరుగుతుంది. మనిషి వంగి పాకితే తప్ప చేరలేని ఆ ఇరుకు గదుల్లో పాత పూత గీకి కొత్తది వేయడం రీఫిట్‌లో, అంటే ఓడకు చేసే పెద్ద మరమ్మతుల్లో, అన్నిటికంటే శ్రమైన పని.

డ్రై డాక్‌లో ఓడను దిమ్మల మీద నిలబెట్టి నీరు తోడేశాక దాని అసలు వయసు బయటపడుతుంది. అల్ట్రాసోనిక్ మీటరును పలకకు ఆనించి చోటు చోటునా మందం కొలుస్తారు. కట్టినప్పటి మందంతో పోల్చి, ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గిన చోట పలక కోసి కొత్తది అతకడం ఓడల తనిఖీల్లో సాధారణ పద్ధతి. అరిగిన జింకు దిమ్మలు మారుస్తారు. ఉక్కు కంటే ముందు తామే కరిగిపోయి దాన్ని కాపాడడం వాటి పని. వయసు పెరిగేకొద్దీ మార్చాల్సిన పలకల విస్తీర్ణం పెరుగుతుంది, డాకులో గడిపే నెలలు పెరుగుతాయి, సముద్రం మీద గడిపే రోజులు తగ్గుతాయి. అప్పుడు ఖర్చు సమస్య మొదలవుతుంది. అదే లెక్క ఇంజన్లకూ వర్తిస్తుంది. ఓడ కట్టిన దేశంలో ఆ రకం ఇంజన్ తయారీ ఆగిపోతే, విడిభాగం కోసం వెతుకులాటలోనే కాలం గడిచిపోతుంది.

2024 జనవరి 12న పోర్ట్ బ్లెయిర్‌లో ఒకేసారి సేవ ముగించిన మూడు ఓడలు ఈ లెక్కలకు మంచి ఆధారం. చీతా, గుల్దార్, కుంభీర్ పోలండ్‌లోని గ్డీనియా యార్డులో తయారై 1984, 1985, 1986లలో వరసగా నౌకాదళంలో చేరాయి. గుల్దార్, కుంభీర్ మొదట్లో విశాఖ కేంద్రంగా పనిచేసి తర్వాత అండమాన్ చేరాయి. శ్రీలంకలో శాంతి దళం రోజుల్లోనూ, 2004 సునామీ సహాయంలోనూ ఇవి పాల్గొన్నాయి. వీడ్కోలు వేళ నౌకాదళం చెప్పిన అంకెల ప్రకారం మూడూ కలిసి సుమారు 12,300 రోజులు సముద్రంపై గడిపి, 17 లక్షల నాటికల్ మైళ్లు తిరిగి, 1,300కు పైగా సార్లు ఒడ్డెక్కాయి.

ఈ అంకెలను కాస్త విడదీసి చూడాలి. మూడు ఓడల సేవాకాలం కలిపితే దాదాపు 115 ఏళ్లు. అంటే ఒక్కో ఓడ సగటున నెలకొకసారి నేలను తాకింది. సముద్రంపై గడిపిన కాలం మొత్తం జీవితంలో మూడో వంతుకు కొంచెం తక్కువ. మిగతా రెండు వంతులు జెట్టీ దగ్గరా, డాకులోనూ గడిచాయి. సముద్రంలో ఉన్న రోజుల్లోనూ సగటు ప్రయాణం రోజుకు 140 నాటికల్ మైళ్ల లోపే. పరుగెత్తే ఓడ కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. దూరాలు తిరగడంకంటే దీవి దీవికీ దించడం, ఎక్కించడం, ఆగడం దాని దినచర్య. ఒక ఓడ 38 ఏళ్లలో నాలుగు వందలకు పైగా సార్లు పొట్టను నేలకు రాసి కూడా నడవగలిగిందంటే, కట్టినవారి పనితనం ఎంతో, డాకు సిబ్బంది శ్రమ కూడా అంత ఉందని ఒప్పుకోవాలి.

ప్రపంచంలో చూస్తే ఇంకా ముసలి ఓడలున్నాయి. 1942లో నీళ్లలోకి దిగిన ఎల్‌ఎస్‌టీ-325 నార్మండీ దండయాత్ర చూసి, తర్వాత గ్రీసుకు వెళ్లి, 2001లో అమెరికా తిరిగొచ్చి ఇప్పుడు ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్‌లో మ్యూజియంగా ఉంది. 1944 నాటి మరో ఓడను ఫిలిప్పీన్స్ 1999లో దక్షిణ చైనా సముద్రంలోని ఒక దిబ్బ మీద కావాలనే నిలిపేసింది. బీఆర్‌పీ సియెర్రా మాద్రే అనే ఆ తుప్పుపట్టిన ఓడలో సైనికులను ఉంచి ఆ జలాలపై తన హక్కు చాటుకుంటోంది. యుద్ధకాలంలో హడావుడిగా కట్టిన ఓడలు ఇన్నేళ్లు మిగలడానికి కారణం వాటి సాదాతనం. రాడార్లు, క్షిపణులు పదిహేను ఇరవై ఏళ్లలో పాతబడతాయి, వాటితోపాటు ఫ్రిగేట్ కూడా పాతబడుతుంది. బరువు మోసి ఒడ్డుకు దించే పని పాతబడదు. ఐఎన్‌ఎస్ గోదావరి కంటే మగర్ ఎక్కువకాలం నిలవడం వెనక ప్రధాన కారణం ఇదే అనిపిస్తుంది.

అయితే ఉక్కు బాగున్నా పనికి కాలం చెల్లే రోజు వస్తుంది. అమెరికా తన చివరి ఎల్‌ఎస్‌టీ యూఎస్‌ఎస్ ఫ్రెడరిక్‌ను 2002లో పక్కన పెట్టింది. తీరం నుంచి క్షిపణి ప్రయోగించగల శత్రువు ముందు, అంత పెద్ద ఓడ నెమ్మదిగా వచ్చి గంటల తరబడి కదలకుండా నిలబడడం ఆత్మహత్యతో సమానమని నౌకాదళాలు గుర్తించాయి. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని బెర్దియాన్స్క్ రేవులో రష్యా ల్యాండింగ్ నౌక సరాతోవ్ నాశనమైంది. 1960ల నాటి ఆ ఓడ రేవులో ఉండగానే దెబ్బతిని మునిగింది. అందుకే ఇప్పుడు పెద్ద ఓడ దూరంగా నిలిచి, కడుపులోంచి చిన్న పడవలను, హెలికాప్టర్లను ఒడ్డుకు పంపే పద్ధతి వచ్చింది. అలాంటి ఓడలను ఎల్‌పీడీలంటారు. విశాఖ కేంద్రంగా ఉన్న ఐఎన్‌ఎస్ జలాశ్వ ఆ కోవదే. అది 1971 నుంచి అమెరికా వద్ద యూఎస్‌ఎస్ ట్రెంటన్‌గా పనిచేసి, 2007లో భారత నౌకాదళంలో చేరింది. అంటే అదీ అర్ధశతాబ్దం దాటిన ఓడే.

ఒడ్డు సంగతీ చూడాలి. ఓడ ఎంత మంచిదైనా తీరం సహకరించకపోతే ఏమవుతుందో 1971 డిసెంబరులో కాక్స్ బజార్ దగ్గర తెలిసింది. ఆ పేర్లతో అప్పుడున్న పాత ఘరియాల్, గుల్దార్ ఓడలు సైనికులను దించబోయి ఒడ్డుకు దూరంగానే అడ్డు తిన్నె మీద ఆగాయి. తిన్నె అవతల నీరు మళ్లీ లోతు. ర్యాంపు దిగిన జవాన్లు ఆ లోతులో పడ్డారు, ప్రాణనష్టం జరిగింది. నదులు ఒండ్రు తెచ్చి పోసే తీరాల్లో ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదం. గోదావరి డెల్టాది అదే స్వభావం. గౌతమి, వశిష్ఠ మొగల దగ్గర మేటలు ఏటా చోటు మార్చుకుంటాయి. హోప్ ఐలాండ్ వెనక కాకినాడ అఖాతం లోతులేని బురద, దాని అంచున కోరంగి మడ అడవులు. అక్కడ ఎల్‌ఎస్‌టీకి పనిలేదు. కాకినాడ యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు దూరంగా నిలిచి బార్జీల్లోకి సరుకు దించుకునేది కూడా లోతు లేకనే. ఇసుక తీరం కావాలంటే పట్టణానికి ఉత్తరాన సముద్రానికి ఎదురుగా ఉన్న ఒడ్డుకే పోవాలి. ఆ పైన ఉప్పాడ వైపు కోత తెలిసిందే. రోడ్డునూ ఇళ్లనూ మింగుతున్న తీరంలో పోయిన ఏడాది కొలిచిన వాలు ఈ ఏడాదికి పనికిరాదు. విన్యాసాలకు ఈ తీరం బాగా ఉపయోగపడేది ఇందుకే. ఇక్కడ దిగడం నేర్చిన నావికుడికి ఎక్కడి తీరాన్నైనా కొత్తగా కొలిచి చూసుకునే అలవాటు పడుతుంది.

డెల్టాకు ఈ ఓడతో ఉన్న అసలు సంబంధం యుద్ధానిది కాదు, తుపానుది. 1839 తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను విరిచేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. కొబ్బరిచెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, లంక గ్రామాలకు దారి తెగింది. జెట్టీ, క్రేను అక్కర్లేకుండా సముద్రం వైపు నుంచి లారీతో సహా ఆహారం దించగల వాహనం విలువ అలాంటి రోజున తెలుస్తుంది. 2020లో ఐఎన్‌ఎస్ కేసరి మాల్దీవులు, మారిషస్, మడగాస్కర్, కొమొరోస్, సీషెల్స్‌కు మందులు, ఆహారం మోసింది. కోవిడ్ రెండో అల ఉధృతిలో 2021 మే 10న ఐఎన్‌ఎస్ ఐరావత్ సింగపూర్ నుంచి 8 క్రయోజెనిక్ ఆక్సిజన్ ట్యాంకులు, మూడు వేలకు పైగా సిలిండర్లతో విశాఖ చేరింది. గోదావరి జిల్లాల ఆస్పత్రులు కూడా ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. 2025 ఏప్రిల్‌లో మయన్మార్ భూకంప బాధితుల కోసం విశాఖ నుంచి 442 టన్నుల ఆహారం తీసుకెళ్లి యాంగూన్ దగ్గరి తిలావా రేవులో దించింది ఐఎన్‌ఎస్ ఘరియాల్. ఒకప్పుడు కోరంగి, కాకినాడల నుంచి వేలమంది కూలికి ఓడెక్కి వెళ్లిన రంగూన్‌కు దారి అదే.

ఇక్కడ ఒక పరిమితిని దాచకూడదు. ఎల్‌ఎస్‌టీ గౌతమి పాయల్లోకి రాలేదు, లంకల దాకా వెళ్లలేదు. బయట ఇసుక తీరం వరకే దాని పరిధి. అక్కడి నుంచి పడవలు, హెలికాప్టర్లు, స్థానిక మత్స్యకారుల బోట్లే దిక్కు. ఆ బోట్లను సహాయ ప్రణాళికలో ముందే చేర్చకపోతే ఎంత పెద్ద ఓడ వచ్చినా సరుకు ఒడ్డునే ఉండిపోతుంది.

మూడో లెక్క ప్రత్యామ్నాయానిది. నాలుగు పెద్ద ఎల్‌పీడీలకు 2013లో టెండరు పిలిచి, చివరికి రద్దు చేశారు. 2021 ఆగస్టులో మళ్లీ సమాచార సేకరణతో మొదలుపెట్టారు. ఈలోగా భారం మోస్తున్నవి జలాశ్వ, 1997లో చేరిన ఘరియాల్, 2007 నుంచి 2009 మధ్య వచ్చిన శార్దూల్, కేసరి, ఐరావత్. ఘరియాల్ విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మాణమైంది, మగర్ కోల్‌కతాలో. మగర్ గడిపినంత కాలమే ఘరియాల్‌కూ లెక్కేస్తే 2033లో దాని వంతు వస్తుంది. పెద్ద ఓడ ఆర్డరు ఇచ్చి, కట్టి, పరీక్షించి చేతికందడానికి పట్టే కాలం తలుచుకుంటే ఆ గడువు దూరమేమీ కాదు. ఓడ వయసును పొడిగించడం కొన్నిసార్లు తెలివైన నిర్ణయమే. కానీ కొత్తది రాలేదన్న ఒక్క కారణంతో పొడిగిస్తే దాని ధర డాకులో కట్టాలి, సరిగ్గా తుపాను వచ్చిన వారంలో ఓడ దిమ్మల మీద ఉండే ప్రమాదాన్నీ మోయాలి.

పని ముగిసిన ఓడలు చాలావరకు తుక్కు కిందికే పోతాయి. గుల్దార్‌కు మాత్రం వేరే దారి దొరికింది. మహారాష్ట్ర తీరంలో సింధుదుర్గ్ జిల్లా నివతి దగ్గర దాన్ని సముద్రం అడుగుకు దించి, ఈతగాళ్లు చూసే మ్యూజియంగా మార్చే పథకానికి అప్పగించారు.

రేపు ఎల్‌పీడీలు వస్తే పెద్ద ఓడ పొట్టకు ఇసుక రాపిడి తప్పుతుంది. ఆ అరుగుదల చిన్న పడవలకు మారుతుంది. 2017 నుంచి 2021 మధ్య కోల్‌కతాలో తయారై అండమాన్‌లో పనిచేస్తున్న 63 మీటర్ల ఎల్‌సీయూలు, అంటే ఎల్‌ఎస్‌టీ కంటే చిన్న ల్యాండింగ్ ఓడలు, ఎనిమిది ఇప్పటికే ఆ పనిలో ఉన్నాయి. చిన్నవి కాబట్టి డాకులోకి తేలిగ్గా ఎక్కుతాయి, పలకలు త్వరగా మార్చుకుంటాయి, అరిగితే కొత్తవి కట్టుకోవడానికి పెద్ద ఓడకైనంత ఖర్చవదు. వాటిలో ఒక్కోటి ఇప్పటికి ఎన్నిసార్లు నేల తాకిందో ఇప్పటినుంచే నమోదు చేసుకుంటూ పోతే, ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం క్యాలెండరును బట్టి కాకుండా పలక మందాన్ని బట్టి తీసుకోవచ్చు.